ఇంటి పేరు షేక్... మరి ఇల్లెక్కడ?

మంచిర్యాల స్టేషన్లో దిగి "షేక్ గారి ఇల్లెక్కడ?" అని అడిగితే ఆటో అతను కూడా నవ్వుతాడు. ఏ షేక్? బాయి పనికి పోయే షేకా, రైల్వేలో చేసి రిటైరయిన షేకా, పరుపులు కుట్టే షేకా, మటన్ దుకాణం షేకా? ఇంటి పేరు చెబితే ఇల్లు దొరకాలి గదా! మాకు దొరకదు. పని చెప్పాలి, గల్లీ చెప్పాలి, మస్జిద్ చెప్పాలి. అప్పుడు గానీ మనిషి దొరకడు. బతికున్నవాణ్ణి వెతకడానికే ఇంత తిప్పలయితే, నాలుగు తరాల కింద మట్టిలో కలిసిన దాదాను ఎక్కడని వెతకాలి?

మా పూర్వీకులెవరు అనే ప్రశ్నకు రెండు జవాబులు ఎప్పుడూ తయారుగా ఉంటాయి. ఒకటి బయటివాళ్ళు చెప్పేది: మీరు ఇక్కడోళ్ళు కాదు, దండయాత్రలతో వచ్చినోళ్ళు. 1992లో బాబ్రీ మసీదు కూలిన నాటి నుంచి ఈ మాట మరీ గట్టిగా వినబడుతున్నది. రెండోది మా ఇళ్ళల్లో పరుపుల మీద కూచుని మా పెద్దలు చెప్పేది: మన ఖాందాన్ అరబ్బు నుంచి వచ్చింది, మనం అసలు షేక్‌లం. చిత్రమేమిటంటే మమ్మల్ని వెళ్ళగొట్టాలనుకునేవాడూ, మా గొప్ప చెప్పుకునేవాడూ ఒకే మాట అంటున్నారు. ఇద్దరికీ సాక్ష్యం ఆ ఒక్క ఇంటి పేరే. అందుకని ముందు ఆ సాక్ష్యాన్నే బోనెక్కించి అడగాలి.

అరబ్బీలో షేక్ అంటే వయసు మళ్ళినవాడు, పెద్ద, గురువు. సూఫీ పరిభాషలో ముర్షిద్. అది గౌరవ వాచకం. ఏ ఒక్క వంశానికీ సొంతం కాదు. హిందుస్తాన్‌కు వచ్చాక ఆ మాట ఒక మెట్టుగా మారింది. సయ్యద్, షేక్, మొఘల్, పఠాన్ అని నాలుగు పెద్ద గదులు కట్టారు. సయ్యద్ కావాలంటే ప్రవక్త వంశం చూపాలి. మొఘల్, పఠాన్ అనాలంటే తుర్కిస్తానో, ఆఫ్ఘనిస్తానో చూపాలి. ఏదీ చూపలేనివాడికి తెరిచి ఉన్న ఒకే తలుపు షేక్. నేత నేసేవాడు, దూది ఏకేవాడు, మాంసం కోసేవాడు, నీళ్ళు మోసేవాడు అందరూ ఆ తలుపు గుండానే లోపలికొచ్చారు. ఉత్తరాదిలో దీని మీద ఒక సామెతే ఉంది. నిరుడు కసాయిని, ఈ ఏడు షేక్‌ను, ధాన్యం ధర కలిసొస్తే సయ్యద్‌నవుతాను అని దాని సారాంశం. సామెత పుట్టించినవాడు ఎగతాళికే పుట్టించి ఉంటాడు. కానీ అందులో చరిత్ర ఉంది. అవమానించే పేరును వదిలి అవమానించని పేరు తగిలించుకోవడం తప్పెట్లా అవుతుంది?

తెలంగాణలో దీనికి ఇంకో మెలిక కలిసింది. తెలుగువాళ్ళకు ఇంటి పేరు ఉండి తీరాలి. బడిలో పిల్లవాణ్ణి చేర్పించేటప్పుడు పంతులు అడిగేది మొదట అదే. మా పద్ధతిలో ఇంటి పేరు లేదు. కొడుక్కి పేరు, ఆ పేరుకు ముందు బర్కత్ కోసం మహమ్మద్, అంతే. పంతులు గడి ఖాళీగా ఉంచలేడు. మహమ్మద్‌ను 'ఎండి.' చేశాడు, షేక్‌ను 'ఎస్.కె.' చేశాడు. అట్లా ఒకే తల్లి కడుపున పుట్టిన అన్న ఎండి. అయ్యాడు, తమ్ముడు షేక్ అయ్యాడు. బిడ్డ బేగం అయింది, ఆమె తల్లి బీ గానే పోయింది. నాలుగు కాగితాల్లో నాలుగు ఇంటి పేర్లున్న కుటుంబాలు మాలో కొల్లలు. ఇంటి పేరు అనేది మా ఇంట్లో పుట్టలేదు, రిజిస్టర్లో పుట్టింది.

ఇది మన ఒక్కరి కథే అనుకోవద్దు. దక్షిణ కొరియాలో ప్రతి అయిదుగురిలో ఒకరి ఇంటి పేరు కిమ్. అక్కడ కూడా ఒకప్పుడు బానిసలకు ఇంటి పేరుండేది కాదు. పేరు పెట్టుకునే వీలు దొరికినప్పుడు చాలామంది పెద్దవాళ్ళ పేర్లే తీసుకున్నారు. అయితే వాళ్ళు ఒక జాగ్రత్త పాటించారు. కిమ్ అనడంతో ఆగరు. గిమ్హే కిమ్, గ్యోంగ్జు కిమ్ అని మూల గ్రామాన్ని కలిపి చెప్పుకుంటారు. మనం ఆ రెండో మాటను పారేసుకున్నాం. వెతకాల్సింది దాన్నే.

మంచిర్యాల షేక్‌లు ఒకే దారిన రాలేదు. ఈ ప్రాంతపు ఊళ్ళు నిజాం కాలంలో లక్సెట్టిపేట తాలూకాలో ఉండేవి. ఆ ఊళ్ళల్లో ఎప్పటి నుంచో ఉన్న సాయిబులు ఒక పాయ. వీళ్ళు కౌలు చేసినవాళ్ళు, దూదేకినవాళ్ళు, పీర్లనెత్తినవాళ్ళు, సర్కారు చప్రాసీలు. 1929లో కాజీపేట - బల్లార్షా రైలు మార్గం పూర్తయింది. ఆ రైలు వెంట వచ్చినవాళ్ళు రెండో పాయ. ఆ దశకం చివర బెల్లంపల్లిలో బొగ్గు బాయిలు తెరిచారు. తర్వాత మందమర్రి, రామకృష్ణాపూర్, శ్రీరాంపూర్. గోదావరి అవతలి కరీంనగర్ పల్లెల నుంచి, ఇటు చాందా నుంచి, ఉత్తరాది నుంచి కూలికి వచ్చి బాయి దిగినవాళ్ళు మూడో పాయ. ఈ మూడు పాయలూ ఒకే పేరు కింద, ఒకే ఖబ్రస్తాన్‌లో పడుకున్నాయి. మన సమాధుల్లో ఎక్కువ భాగం మట్టి కుప్పలే. నాలుగు వానలకు నేల చదునవుతుంది. పేరు చెక్కిన రాయి బీదవాడి తల దగ్గర ఉండదు.

అయినా దారి లేకపోలేదు. 1880ల నుంచి 1948 దాకా హైదరాబాద్ సంస్థానంలో దఫ్తర్ భాష ఉర్దూ. ఆ దఫ్తర్లు మనిషిని ఒక్క పేరుతో రాయలేదు. నాలుగు మాటలతో కట్టి పెట్టాయి: వల్ద్, కౌమ్, పేషా, సాకిన్. వల్ద్ అంటే ఎవరి కొడుకు. కౌమ్ అంటే ఏ జాతి. పేషా అంటే ఏ పని. సాకిన్ అంటే ఏ ఊరు. షేక్ ఫలానా అని వెతికితే వెయ్యి మంది లేచి నిలబడతారు. ఫలానా వాడి కొడుకు, ఫలానా మౌజాలో ఉండేవాడు, దూదేకేవాడు అని వెతికితే ఇద్దరో ముగ్గురో మిగులుతారు. తేదీలు ఫసలీలో ఉంటాయి. 590 కలుపుకుంటే మనకు తెలిసిన సంవత్సరం దగ్గరికి వస్తుంది. 1350 ఫసలీ అంటే 1940-41. భూమి ఉన్నవాళ్ళకు సేత్వార్లు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ దారి చూపిస్తాయి. సొంత భూమి లేకపోయినా కౌలుదారుగా, కబ్జాదారుగా పేరు ఎక్కిన సందర్భాలుంటాయి. సర్కారు నౌకరీ కోసం తీసుకున్న ముల్కీ సర్టిఫికెట్ ఏ ఇంట్లోనైనా మిగిలితే అదీ ఒక ఆధారమే. పాత సంస్థానం కాగితాలు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

అడ్డంకి ఎక్కడుందంటే లిపిలో ఉంది. దాదా కాగితం ఉర్దూలో ఉంది, మనుమడు తెలుగు మీడియంలో చదివాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాడు, అక్షరం చదవలేడు. సందుకలో పట్టాయో, నికానామానో, అప్పు పత్రమో తెలియకుండానే చెదలు తింటున్న కాగితాలు ఎన్ని! పోలీసు చర్య తర్వాత భాషతో పాటు మన జ్ఞాపకం కూడా చేతిలో నుంచి జారిపోయింది. 1948 సెప్టెంబర్‌లో, ఆ తర్వాత ఏం జరిగిందో చూడడానికి వేసిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా జనం చేతికి రాలేదు. ఇండ్లు వదిలి పరుగెత్తినవాళ్ళు పిల్లల్ని మోసుకుపోతారు గానీ కాగితాలు మోసుకుపోతారా?

కాగితం లేని చోట మనిషి సొంత పేరు మాట్లాడుతుంది. ఇంటి పేరు కన్నా అది ఎక్కువ నిజం చెబుతుంది. మదార్ అనే పేరున్న ఇంట్లో మకన్‌పూర్ షా మదార్ మీద నమ్మకం ఉండి ఉంటుంది. ఖాజా అంటే అజ్మీరో, గుల్బర్గా బందేనవాజో. యాకూబ్ అంటే ఓరుగల్లు పక్కన అన్నారం దర్గా. అదే దర్గాకు మొక్కుకుని పుట్టిన హిందువుల పిల్లలు యాకయ్య, యాకమ్మ అయ్యారు. జాన్‌పహాడ్ సైదులు పేరుతో నల్లగొండ వైపు సైదులు, సైదమ్మ రెండు మతాల్లోనూ ఉన్నారు. ఏ దర్గా మొక్కు పేరు ఇంట్లో తరం తరానా తిరుగుతుందో చూస్తే ఆ కుటుంబం ఏ దారిన నడిచిందో కొంత తెలుస్తుంది. అరబ్బు ఎడారి దారి కాదది. మన చెరువు గట్ల మీది దారి.

ఇక ఆడవాళ్ళు. మన వంశవృక్షాల్లో కొమ్మలన్నీ మగవాళ్ళవే. ఆమె పేరు చివర బీ, బేగం తప్ప ఏమీ ఉండదు. పెళ్ళయితే ఫలానా వాడి జౌజా. కానీ నికానామాలో మాత్రం ఆమె బింత్, అంటే ఫలానా వాడి బిడ్డ. అక్కడ ఆమె తండ్రి పేరు ఉంటుంది, మెహర్ ఉంటుంది, వకీల్ ఉంటాడు, ఇద్దరు గవాలుంటారు. గవాలు ఎక్కువగా మామలో, చిన్నాన్నలో, పక్కింటివాళ్ళో. ఒక్క నికానామా దొరికితే రెండు కుటుంబాలు, ఒక గల్లీ దొరికినట్టే. ఖాజీ దగ్గర సియాహాలో దాని నకలు ఉంటుంది. ఇంకొకటి షబే బరాత్ రాత్రి. ఫాతెహాకు ఇంటి మర్హూముల పేర్లు ఒక్కొక్కటే చెబుతారు. ఆ వరుసంతా కంఠతా ఉండేది ముసలి నానీలకు, దాదీలకే. ఏ రిజిస్టర్లోనూ లేని వంశవృక్షం ఏడాదికొకసారి వాళ్ళ నోట బయటికొస్తుంది. దాన్ని ఒక్కసారన్నా నోటు పుస్తకంలో రాసుకున్నామా? నానీ పోతే ఆ దఫ్తర్ కాలిపోయినట్టే.

ఇదంతా తీరిక ఉన్నవాళ్ళ వేడుక అనుకునేవాళ్ళు సింగరేణి కార్మికుణ్ణి అడగాలి. తండ్రి నౌకరీ కొడుక్కి రావాలంటే తండ్రి పేరు, కొడుకు పేరు, బడి కాగితం ఒకదానికొకటి అతకాలి. వేరేవాళ్ళ పేరు మీద బాయిలో చేరి జీవితమంతా ఆ పేరుతోనే బొగ్గు తవ్వినవాళ్ళున్నారు. ఈ మారుపేర్ల గోస హిందూ ముస్లిం తేడా లేకుండా కార్మిక కుటుంబాలను ఏళ్ళ తరబడి తిప్పింది. ఎండి., షేక్ తేడా దానికి అదనపు బరువు. ఇక అస్సాం చూడండి. 2019 ఆగస్టు 31న వచ్చిన పౌర జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేవు. తాతతో సంబంధం కాగితం మీద రుజువు చెయ్యమన్నప్పుడు అక్షరం తేడాలే జనానికి ఉరితాళ్ళయ్యాయి. పేరును సరదాగా తీసుకునే కాలం కాదిది.

ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. 2007లో ముస్లింలలో వెనకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ చట్టం వచ్చింది. బి.సి.-ఇ జాబితాలో అత్తర్ సాయిబులు, ఫకీర్లు, గారడీ ముస్లింలు, ఖురేషీలు ఉన్నారు. వాళ్ళ పక్కనే షేక్ కూడా ఉంది. దూదేకులవాళ్ళు అంతకు ముందు నుంచే బి.సి.-బిలో ఉన్నారు. సయ్యద్, మొఘల్, పఠాన్‌లను చట్టం బయట పెట్టింది. కులం దాచుకోవడానికి కప్పుకున్న దుప్పటి పేరే చివరికి కులమై కూచుంది! 2024లో తెలంగాణ ప్రభుత్వం చేసిన కులగణన ప్రకారం రాష్ట్ర జనాభాలో ముస్లింలు 12.56 శాతం. అందులో 10.08 శాతం బి.సి. ముస్లింలే. అంటే అయిదుగురిలో నలుగురు. అరబ్బు గుర్రాల కథ చెప్పుకునే మన పెద్దలు ఈ అంకె ముందు కూచుని ఆలోచించాలి.

షేక్ బందగీని తలుచుకుందాం. కామారెడ్డిగూడెం రైతు. పిడికెడు భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో కోర్టులో తలపడ్డాడు. 1940లో దేశ్‌ముఖ్ మనుషులు చంపేశారు. అప్పటి రాజు ముసల్మానే, బందగీ ముసల్మానే. రాజు మతం ఆ రైతును కాపాడలేదు. మంచిర్యాల బాయిల్లో, కౌలు పొలాల్లో, రైలు పట్టాల మీద చెమటోడ్చిన షేక్‌లు ఆ బందగీ చుట్టాలు. గోల్కొండ నవాబుల చుట్టాలు కారు.

1931 తర్వాత మొదటిసారి దేశమంతటి జనగణనలో కులం రాస్తామని 2025లో కేంద్రం ప్రకటించింది. ఎన్యూమరేటర్ గడప ముందు నిలబడి అడిగేనాటికి మన దగ్గర జవాబుండాలి. షేక్ అని చెప్పి ఊరుకుంటే మళ్ళీ అదే దుప్పటి కింద ముసుగు తన్నుతాం. దాదా ఏ పని చేశాడో, నానీ ఏ ఊరి బిడ్డో ఈలోగానే ఇంట్లో పెద్దవాళ్ళనడిగి రాసుకోవాలి. దూదేకిన విల్లు, మాంసం కోసిన కత్తి, నీళ్ళు మోసిన మష్క్, బొగ్గు తవ్విన తట్ట. మన అసలు ఇంటి పేర్లు వీటి మీదనే రాసి ఉన్నాయి. వాటిని చదువుకోవడానికి సిగ్గుపడాల్సింది ఏముంది?