పెద్దపల్లి నియోజకవర్గమున పక్షనిర్మాణము

ప్రతినిధి నెన్నుకొనుట ఒక్కనాటి పని యని మనలో పెక్కుమంది తలంతురు. ఓటు వేయు దినము పండుగవలె వచ్చి పోవును. మరునాటినుండి ఎవరి పని వారిది. కాని ఆ దినమునకు ఎంతో ముందుగనే ఊరూర సంఘములు కట్టి, చందాలు పోగుచేసి, ఓటర్ల పట్టికలో పేర్లు చేర్పించి, అభ్యర్థి యెవరో నిశ్చయించువారే నిజముగా ఎన్నికను నడపువారు. ఈ మాటకు గోదావరీతీరమందలి పెద్దపల్లి పార్లమెంటు నియోజకవర్గచరిత్ర మంచి నిదర్శనము.

కరీంనగరమునుండి గోదావరిఖనికి పోవు రహదారిపై పెద్దపల్లి దాటిన పిదప బసంత్‌నగర్ వచ్చును. 1969లో కేశోరాం సంస్థ సిమెంటు కర్మాగారము నెలకొల్పిన ఊరు ఇది. అచ్చటికి చేరువనే రామగుండము, గోదావరిఖని. సింగరేణి బొగ్గుబాయిలు, విద్యుత్కేంద్రములు. పల్లెలనుండి వచ్చిన వ్యవసాయకూలీ ఇచ్చట కార్మికుడై స్థిరపడెను. ఈ నియోజకవర్గము 1962నుండి షెడ్యూల్డు కులములకు కేటాయింపబడియున్నది. దీనిలోని 7 శాసనసభాస్థానములలో చెన్నూరు, బెల్లంపల్లి, ధర్మపురి అనునవి మూడును అట్లే కేటాయింపబడినవి.

ఈ ప్రాంతమున ప్రజాసంఘనిర్మాణము ఎన్నికలకొరకు పుట్టినది కాదు. నిజాము రాజ్యమున వయోజనులకు ఓటు లేని కాలముననే అది మొదలయ్యెను. 1921లో హైదరాబాదున జరిగిన సంఘసంస్కరణసభలో తెలుగున మాటాడబోయిన వక్తకు అవమానము జరుగగా ఆంధ్రజనసంఘము పుట్టెను. అది పెరిగి ఆంధ్రమహాసభయై 1930లో జోగిపేటయందు మొదటి సభ జరుపుకొనెను. 1935లో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతను నాటి కరీంనగరము జిల్లాలోని సిరిసిల్లయందే నాల్గవ సభ జరిగెను. గ్రంథాలయము పెట్టుట, బడి తెరచుట, వెట్టిచాకిరిని ఖండించుట - ఇవి వారి పనులు. 1944నాటి భువనగిరి సభలో మితవాదులకును అతివాదులకును చీలిక వచ్చెను. అటుపై మహాసభ రైతుకూలీల సంఘమయ్యెను. ఈ ఇరువది యేండ్ల కృషిలో ఎవరికిని ఓటడుగు నవసరము కలుగలేదు. అయినను 1952లో ఓటు వచ్చినప్పుడు దాని ఫలితము కనబడెను.

ఆ మొదటి సార్వత్రిక ఎన్నికలనాటికి హైదరాబాదు రాష్ట్రమున కమ్యూనిస్టుపార్టీపై నిషేధముండుటచే దానివారు పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంటు పేర పోటీచేసిరి. కరీంనగరము ద్విసభ్య నియోజకవర్గము. ప్రతి ఓటరునకు రెండు ఓట్లు. రెండును ఒక్కరికే వేయరాదు. చదువురానివారికై ఒక్కొక్క అభ్యర్థికి గుర్తు అంటించిన పెట్టె వేరుగ నుంచిరి. అట్టి ఎన్నికలో ఫ్రంటు పక్షమున బద్దం ఎల్లారెడ్డిగారును, షెడ్యూల్డు కాస్ట్స్ ఫెడరేషను పక్షమున ఎం. ఆర్. కృష్ణగారును గెలిచిరి. ఇది సామాన్యవిషయము కాదు. ఫెడరేషను 1942లో డాక్టరు అంబేద్కరు స్థాపించినది. 1952లో బొంబాయియందు అంబేద్కరే ఓడిపోయెను. దేశమంతటను ఆ పక్షమునకు లోకసభలో దక్కినవి రెండే స్థానములు: ఒకటి షోలాపురము, రెండవది మన కరీంనగరము. దళితులు తమ సంఘమును తామే కట్టుకొని, తమ అభ్యర్థిని తామే నిర్ణయించుకొని, తమ గుర్తుపై పార్లమెంటునకు పంపిన ఘట్టము ఇది.

అయిదేండ్లలో ఆ ఘట్టము ముగిసెను. 1957లో అదే కరీంనగరమునుండి కృష్ణగారు కాంగ్రెసు అభ్యర్థిగా నెన్నికైరి. ఆ యేడే ఫెడరేషను కొత్తగా ఏర్పడిన రిపబ్లికను పార్టీలో లీనమయ్యెను. 1961లో ద్విసభ్య నియోజకవర్గములు రద్దుకాగా 1962లో పెద్దపల్లి ప్రత్యేకస్థానమయ్యెను. అచ్చటను 1962, 1967 ఎన్నికలలో కృష్ణగారే కాంగ్రెసు పక్షమున గెలిచిరి. వ్యక్తి నిలిచెను, స్థానము చట్టముచే స్థిరమయ్యెను. ఆయనను మొదట పంపిన సంఘము మాత్రము నిలువలేదు.

ఇదే తీరు మరల జరిగెను. 1969నాటి ప్రత్యేక తెలంగాణోద్యమము తరువాత 1971లో తెలంగాణ ప్రజాసమితి 14 స్థానములలో 10 గెలిచెను. వానిలో పెద్దపల్లి యొకటి. ప్రతినిధి వి. తులసీరాముగారు. కొన్ని మాసములకే ప్రజాసమితి కాంగ్రెసులో కలిసిపోయెను. 1977లో తులసీరాముగారు కాంగ్రెసు అభ్యర్థిగా మరల గెలిచిరి. ఉద్యమము ఊరూర లేపిన కార్యకర్తల సమితులకు ఆ విలీనమున చెప్పుకోదగిన పాత్ర లేకపోయెను. జనము కట్టిన సంఘమును నాయకులు కొందరు కూర్చుండి ముగించిరి.

బొగ్గుబాయిలలో మాత్రము వేరొక విధమైన నిర్మాణము నిలిచినది. షిఫ్టు మారు వేళ గేటు మీటింగులు, బాయిబాయికి కార్యదర్శి, ప్రతి కార్మికుని కష్టసుఖములు తెలిసిన మనిషి - కార్మికసంఘపు బలము ఇందున్నది. 1998నుండి సింగరేణిలో గుర్తింపు సంఘమును రహస్య ఓటుతో ఎన్నుకొను పద్ధతి వచ్చెను. ఆ ఫలితములను పార్లమెంటు ఫలితముల ప్రక్కన నుంచి చూడుడు. 1998, 2001లలో కార్మికులు కమ్యూనిస్టుల ఎ.ఐ.టి.యు.సి.ని గెలిపించిరి, 1998, 1999లలో పెద్దపల్లి స్థానము తెలుగుదేశపు డాక్టరు సుగుణకుమారిగారిది. 2003లో ఐ.ఎన్.టి.యు.సి., 2004లో కాంగ్రెసు పక్షమున జి. వెంకటస్వామిగారు, ఇచ్చట రెండును కలిసినవి. 2007లో మరల ఎ.ఐ.టి.యు.సి. గెలువగా 2009లో కాంగ్రెసే నెగ్గెను. 2012, 2017లలో తెలంగాణ బొగ్గుగని కార్మికసంఘము, 2014, 2019లలో తెలంగాణ రాష్ట్రసమితి. 2023 డిసెంబరులో ఎ.ఐ.టి.యు.సి., 2024 మే మాసమున కాంగ్రెసు.

దీనివలన తెలియున దేమనగా, బాయిలో తన పక్షమున ఎవరు కొట్లాడుదురను ప్రశ్నకు కార్మికుడు ఒక సమాధానము, ఢిల్లీకి ఎవరు పోవలెనను ప్రశ్నకు వేరొక సమాధానము చెప్పగలడు. అతడు తెలివితక్కువవాడు కాడు. అయితే మొదటి ప్రశ్నలో అభ్యర్థు లందరును అతడెరిగినవారు. రెండవ ప్రశ్నలో అభ్యర్థి పేరు పైనుండి వచ్చును. మొదటి ప్రశ్న అడుగబడువారును తగ్గుచున్నారు. 1990 ప్రాంతమున లక్షకు మించిన సింగరేణి ఉద్యోగులు 2023 ఎన్నికలనాటికి సుమారు 40 వేలైరి. అదే బాయిలలో పనిచేయు కాంట్రాక్టు కార్మికులకు ఆ ఎన్నికలో ఓటు లేదు.

పేరు పైనుండి వచ్చుట యన నేమో ఇటీవలి చరిత్రయే చెప్పును. 2018 డిసెంబరులో చెన్నూరున కాంగ్రెసు అభ్యర్థిగా ఓడిన బోర్లకుంట వెంకటేశ్ నేతగారు 2019 ఏప్రిలులో తెలంగాణ రాష్ట్రసమితి అభ్యర్థిగా పెద్దపల్లిలో గెలిచిరి. వెంకటస్వామిగారు హైదరాబాదున గుడిసెవాసులను కూడగట్టి పైకి వచ్చినవారు. ఆయన తరువాత 2009లో కుమారుడు వివేకానందగారు, 2024లో మనుమడు వంశీకృష్ణగారు ఈ స్థానమున గెలిచిరి. ఈ మువ్వురును ప్రజల ఓటుతోనే గెలిచినవారు, సందేహములేదు. 2024లో వంశీకృష్ణగారిపై ఓడినవారిలో ఒకప్పుడు సింగరేణి కార్మికుడైన కొప్పుల ఈశ్వర్‌గా రుండుటయు గమనింపదగినది. ప్రశ్న వారి యోగ్యతనుగూర్చినది కాదు: ఏడు శాసనసభాస్థానముల పరిధిలో దళితసంఘములు, కార్మికసంఘములు, గ్రామసమితులు కూర్చుండి అభ్యర్థిని నిర్ణయించిన సభ ఎక్కడ జరిగినది?

కేటాయింపే ఇట్టి దోషమునకు మూలమని కొంద రందురు. అది సరికాదు. కేటాయింపు లేనిచో ఆ పేరే వచ్చియుండదు. లోపము వేరొకచో నున్నది. 1932నాటి పూనా ఒడంబడికలో ప్రత్యేకస్థానములకు మొదట దళిత ఓటర్లే నలుగురు అభ్యర్థుల పట్టికను ఎన్నుకొనవలెనని, పిదప అందరును ఆ నలుగురిలో నొకరిని ఎన్నుకొనవలెనని ఏర్పాటుండెను. రాజ్యాంగములో స్థానములు నిలిచినవి, ఆ తొలి యెన్నిక నిలువలేదు. నాడు దళిత ఓటరు చేతిలో నుండిన నిర్ణయము నేడు పక్షముల పెద్దల చేతికి పోయినది. చట్టము స్థానమును కేటాయింపగలదు, సంఘనిర్మాణమును కేటాయింపజాలదు. దానిని జనమే కట్టుకొనవలెను.

సంస్కారము కోరు గృహస్థులకు ఇందు పనిలేదని అనుకొనరాదు. 1952 ఎన్నికలకు ముందు దేశమున, ముఖ్యముగా ఉత్తరభారతమున, సుమారు 28 లక్షల స్త్రీలు తమ పేరు చెప్పక ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి యని వ్రాయించుటచే పట్టికనుండి తొలగింపబడిరి. ఒక్క పేరు చెప్పనందున ఒక్క ఓటు పోయినది. నేడు పేరు చెప్పుట కష్టము కాదు. 18 ఏండ్లు నిండినవారు ఏట నాలుగు తేదీలను బట్టి పట్టికలో చేరవచ్చును. కాని పేరు చేర్చుకొనుటతో పౌరధర్మము తీరదు. మన వాడలోని పార్టీసమితిలో స్త్రీలెందరు, మన వీధిని ఊడ్చువారు, మన బొగ్గు త్రవ్వువారు ఎందరు, అభ్యర్థినిగూర్చి వారి నెవరైన అడిగిరా అని విచారింపవలెను. సిరిసిల్ల సభనాటివారు ఓటు లేకుండనే ఇరువదియేండ్లు సంఘము కట్టిరి. చేత ఓటుండి మనము అయిదేండ్లకొక దినము మాత్రమే మేల్కొనుట వారి వారసులకు తగదు.