లారీలో గరగర: దాని పూర్వచరిత్ర

పాత పెట్రోలు లారీలో రేడియో పెట్టించుకొన్నవారు తరచు చెప్పు మాట ఒకటి కలదు. ఇంజను ఆగియున్నంతసేపు పాట హాయిగా వినవచ్చును. బండి కదలగనే గరగర మొదలగును. పెక్కుమంది ఆ నేరమును రేడియోపైననే మోపుదురు. అసలు దోషి యెవరో తెలియవలెనన్న మనము కొంత వెనుకకు పోవలెను.

1887లో జర్మనీ దేశమున హెర్ట్జ్ పండితుడు విద్యుత్తుతో నిప్పురవ్వ పుట్టించి, దానినుండి వెలువడు అదృశ్య తరంగములను ఎడముగా నుంచిన తీగచుట్టతో పట్టి చూపెను. 1901లో మార్కోనీ అట్లాంటిక్ సముద్రము దాటించిన సంకేతమును పుట్టించినదియు నిప్పురవ్వయే. పెట్రోలు ఇంజనులో ప్లగ్గు చేయు పనియు అట్టిదే. కనుక అట్టి ప్రతి బండియు తనకు తెలియకయే ఒక చిన్న ప్రసారకేంద్రము. అయితే అందు మాట లేదు, పాట లేదు. గరగర మాత్రమే కలదు.

1930లో చికాగోలోని గాల్విన్ కంపెనీ మోటరోలా పేరిట కారు రేడియోను విక్రయమునకు తెచ్చినది. ఆనాటి పనివారికి రేడియో బిగించుటకంటె ఈ రొదను అణచుటయే పెద్ద పని. ప్లగ్గు తీగలకు నిరోధకములు, డైనమోకు కండెన్సరు తగిలించిరి. మొదట కారు గుడ్డకప్పులోనే ఏరియల్‌ను దాచెడివారు. 1935 ప్రాంతమున ఉక్కుకప్పులు వచ్చుటతో అది బయటికి రాక తప్పలేదు. రేడియో అంతరాయములను విచారించుటకు 1934లో ఒక అంతర్జాతీయ సంఘమే ఏర్పడినది.

ఈ చరిత్రయే నేటికిని మరమ్మతుకు దారి చూపును. ముందుగా ఇంజను ఆపి వినుడు. రొద పోయినచో దోషము బండిది. అప్పటికిని స్టేషను నీరసముగా వచ్చుచున్నచో ఏరియల్‌ను చూడవలెను. దాని మొదలు లారీ ఇనుమును గట్టిగా అంటియుండవలెను. అచట తుప్పు పట్టినచో స్టేషను తగ్గును, రొద పెరుగును. తుప్పు గీకి బిగించుట ఖర్చులేని వైద్యము.

పిమ్మట ఇంజను నడుపుచు, ఏరియల్ తీగను సెట్టునుండి ఊడదీయుడు. రొద ఆగినచో అది ఏరియల్ దారిన వచ్చుచున్నది. ఆగనిచో బ్యాటరీ తీగల దారిన వచ్చుచున్నది. ఇంజను వేగముతోపాటు టకటక హెచ్చినచో ప్లగ్గులు, వాని తీగలు కారణము. నిరోధకపు తీగలు తీసి మామూలు రాగితీగలు వేసిన బండ్లలో ఇది తరచు జరుగును. సన్నని కూత లేచినచో డైనమోను, దాని కండెన్సరును పరీక్షింపవలెను.

మన దేశమున 1954లో జంషెడ్‌పూరునందు టాటా-మెర్సిడిస్ బెంజ్ డీజిలు లారీల తయారీ మొదలైనది. డీజిలు ఇంజనులో ప్లగ్గుల నిప్పురవ్వ లేదు. కనుక అచట డైనమోను, వైపరు మోటారును అనుమానింపవలెను.

ఇన్ని పరీక్షలును ఒక గంటలో ముగియును. రాత్రివేళ ఒంటరిగా దూరప్రయాణము చేయు డ్రైవరుకు రేడియోయే తోడు. ఆ తోడును పారవేసి క్రొత్తది కొనుటకు ముందు, ఒక్కసారి బానెట్టు ఎత్తి చూచుట న్యాయము.