నిప్పుకి మారు వడ్డన

చిన్నప్పుడు సెలవులకి కంబదూరు వెళ్తే, బుడ్డలు వేయించే అంగడి ముందు నుంచి కదిలేదాన్ని కాదు. పెద్ద బాణలి నిండా ఇసుక. అది బాగా కాగాక బుడ్డలు పోసి గరిటెతో తిప్పేవారు. "ఇసుక ఎందుకవ్వా?" అంటే, "అది లేకుంటే ఒగ పక్క మాడుతాది, ఇంగో పక్క పచ్చిగుంటాది పాపా" అంది మా అవ్వ.

ఈమధ్య బాయిలర్ల చరిత్ర చదువుతుంటే ఆ మాటే గుర్తొచ్చింది. ఆర్ట్స్ చదివినదానివి, నీకెందుకీ బాయిలర్ల గోల అంటారేమో. పొగ పీల్చడానికి సైన్సు డిగ్రీ అక్కర్లేదు కదండీ!

1921 చివర్లో జర్మనీలో ఫ్రిట్జ్ వింక్లర్ అనే ఆయన మూసలో కోక్ రవ్వ పోసి, అడుగు నుంచి వేడి వాయువుల్ని పంపాడు. రవ్వంతా పైకి లేచి, తెర్లే ఎసరులా కుతకుతలాడింది. 1922లో పేటెంటు, 1926లో లాయినాలో కర్మాగారం. అదంతా బొగ్గు నుంచి గ్యాసు తీయడానికే. అలా మరుగుతున్న ఇసుక, బూడిదల మధ్య బొగ్గు మండించి ఆవిరి పుట్టించవచ్చని 1960లలో బ్రిటన్‌లో డగ్లస్ ఇలియట్ పట్టుబట్టాడు. నాసిరకం బొగ్గైనా సరే, అందులో చక్కగా కాలుతుంది.

దాంతోపాటు ఇంకో మేలూ జరిగింది. గాలిలో 78 పాళ్లు నత్రజని. మామూలుగా అది నిప్పు జోలికి పోదు. మంట 1500 డిగ్రీలు దాటితే మాత్రం ప్రాణవాయువుతో జతకట్టి నత్రజని ఆక్సైడ్లవుతుంది. అవే ఆమ్లవర్షానికీ, ఎండ తగిలితే ఊపిరితిత్తుల్ని బాధించే ఓజోనుకీ కారణం. ఇసుక పరుపు మీద వేడి 850 డిగ్రీల దగ్గరే ఉంటుంది గనక ఆ జతకట్టడం దాదాపు ఉండదు.

తర్వాత భూమి వేడెక్కుతోందన్న దిగులు వచ్చింది. పొగలోని బొగ్గుపులుసు వాయువుని పట్టి దాచాలంటే అందులో నత్రజని కలవకూడదు. అందుకని గాలికి బదులు ప్రాణవాయువుతోనే మండించాలన్నారు. వట్టి ప్రాణవాయువైతే మంట మరీ చెలరేగి, బూడిద కరిగి ముద్దకడుతుంది. అందుకే పొగలో కొంత వెనక్కి తెచ్చి కలుపుతారు. స్పెయిన్‌లో పోన్‌ఫెర్రాడా దగ్గర 2010 దశకం మొదట్లో 30 మెగావాట్ల ఉష్ణశక్తి గల ప్రయోగ బాయిలర్ని ఇలాగే నడిపి చూశారు.

మరి గాలే లేనప్పుడు నత్రజని ఆక్సైడ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? నేనూ ఇక్కడే తికమకపడ్డాను. బొగ్గులోనే నత్రజని ఉంది! ఒకప్పటి చెట్టూచేమేగా అది.

దీనికి కనిపెట్టిన ఉపాయం నాకు భలే నచ్చింది. విందులో పెద్దమ్మలు చేసేదే. తొలి వడ్డనలో ప్రాణవాయువు కాస్త తక్కువ, పైన మారు వడ్డన. అడుగున ఆకలి తీరని బొగ్గు, ఆక్సైడ్ దగ్గరున్న ప్రాణవాయువుని లాగేసుకుంటుంది. మిగిలేది మామూలు నత్రజని. వెనక్కి తెచ్చిన పొగలోని ఆక్సైడ్లకీ మళ్లీ ఇదే గతి. తొలి వడ్డన మరీ పిసినారితనంగా చేస్తే కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది, బొగ్గు సగం కాలి మిగులుతుంది.

మరో చిక్కు. ఆ తక్కువ వేడిలోనే నైట్రస్ ఆక్సైడ్ పుడుతుంది. 1800లో హంఫ్రీ డేవీ నవ్వించే వాయువన్నది దాన్నే. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకి సుమారు 270 రెట్లు. వేడి పెంచితే ఇది తగ్గుతుంది గానీ, అసలు ఆక్సైడ్లు మళ్లీ తలెత్తుతాయి. అవ్వ బాణలి కింద పుల్లలు ఎగదోసి, మళ్లీ వెనక్కి లాగినట్టు, ఇంజనీర్లూ ఆ నడిమి వేడి కోసం తంటాలు పడుతూనే ఉన్నారు.

మన పొరుగున నైవేలీలో 250 మెగావాట్ల జంట యూనిట్లు లిగ్నైటుని ఈ ఇసుక పరుపు మీదే కాలుస్తాయి, మామూలు గాలితో. ప్రాణవాయువుని విడదీయాలంటే గాలిని మంచుకన్నా ఎంతో చల్లగా, ద్రవమయ్యేదాకా చల్లార్చాలి. దానికి బాయిలర్ పుట్టించే కరెంటులోంచే పెద్ద వాటా పోతుంది.