బామ్మగారి నడక

మొన్న ఆదివారం సాయంత్రం మా అబ్బాయి ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "అమ్మా, నీ పేరు, వయసు, బి.పి. అన్నీ రాసేశాను. ఒక్క గడి మిగిలింది. అడవుల్లో, కొండల్లో నడిచిన అనుభవం ఎంత అని అడుగుతున్నారు. ఏం రాయమంటావ్?" అన్నాడు.

సంగతేమిటంటే, వచ్చే వేసవిలో హిమాలయాల్లో ఐదు రోజుల కాలినడకకు వెళ్దామని మా వీధిలో నలుగురం ఆడవాళ్ళం అనుకున్నాం. నలుగురికీ అరవైకి అటో ఇటో. తీసుకెళ్ళేవాళ్ళు పంపిన ఫారమే అది. ఆ ప్రశ్నకు మూడే జవాబులు ఇచ్చారు: లేదు, కొంచెం, బాగా.

నేను నోరు తెరిచేలోగా హాల్లోంచి మావారు, "ఎందుకు లేదూ? రైతుబజారు నుంచి ఇంటిదాకా, అదీ రెండు సంచులతో!" అన్నారు. కోడలు నవ్వింది. నేనూ నవ్వాను. అబ్బాయి 'లేదు' అన్నదాని మీద వేలు పెట్టబోతుంటే మాత్రం, "ఉండరా, రేపు చెప్తాను" అన్నాను. ఎందుకలా అన్నానో అప్పుడు నాకే తెలీదు.

రాత్రి పడుకున్నాక అదే ఆలోచన. ఉద్యోగానికి అనుభవం అడిగారంటే అర్థం ఉంది. ఫలానా ఆఫీసులో ఇన్నేళ్ళు అని చెప్తాం. మరి అడవికి అనుభవాన్ని ఎలా కొలుస్తారు? ఎన్ని మైళ్ళు నడిచామనా? ఎన్ని రాత్రులు బయట పడుకున్నామనా? లేక ఎంత భయపడ్డామనా? అలా అనుకుంటూ ఉంటే, ఎప్పుడో చదివిన ఒక అమెరికా బామ్మగారి కథ గుర్తొచ్చింది. ఆవిడ పేరు ఎమ్మా గేట్‌వుడ్.

అమెరికా తూర్పు వైపున అపలాచియన్ కొండలని ఉన్నాయి. దక్షిణాన జార్జియా రాష్ట్రం నుంచి ఉత్తరాన మెయిన్ రాష్ట్రం దాకా, పధ్నాలుగు రాష్ట్రాల మీదుగా ఆ కొండల వెంబడే ఒక కాలిబాట ఉంది. పట్నాల్లో పనిచేసి అలసిపోయేవాళ్ళకు కొండగాలి తగలాలని బెంటన్ మెకై అనే ఆయన 1921లో ఈ ఊహ చేశాడు. 1937కి బాట పూర్తయింది. అప్పట్లో దీన్ని ఆ చివర నుంచి ఈ చివరకు ఒక్క బిగిని నడవాలని ఎవరూ అనుకోలేదు. సెలవుల్లో వచ్చి ఒకటి రెండు రోజులు నడిచి వెళ్ళడానికే వేసుకున్నారు.

1948లో ఎర్ల్ షాఫర్ అనే యువకుడు, యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడు, మొత్తం బాట నడిచేశానన్నాడు. ముందు నమ్మలేదు. డైరీ చూపించి, తీసిన ఫోటోలు చూపించి, అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్తేగానీ ఒప్పుకోలేదట. సైనికుడికే అంత పరీక్ష పెడితే, అరవై ఏడేళ్ళ బామ్మ నడుస్తానంటే ఏమనేవారు? అందుకేనేమో, ఆవిడ ఎవరినీ అడగలేదు.

ఎమ్మా 1887లో ఒహైయో రాష్ట్రంలో ఒక పల్లెలో పుట్టింది. పదిహేనుమంది సంతానంలో ఒకతె. చదువు ఎనిమిదో తరగతి. పంతొమ్మిదో ఏట పెళ్ళి, పదకొండుమంది పిల్లలు, పొగాకు పొలంలో మగవాళ్ళతో సమానంగా చాకిరీ. వీటన్నిటినీ మించిన బాధ భర్త. మామూలుగా చెయ్యి చేసుకోవడం కాదు, పళ్ళు ఊడేలా, పక్కటెముక విరిగేలా కొట్టేవాడు. భరించలేనప్పుడు ఆవిడ ఇంటి వెనక అడవిలోకి పారిపోయేదట. అడవంటే అందరికీ భయం. ఆవిడకి మాత్రం ఇంటికన్నా అడవే నయం. 1940ల మొదట్లో విడాకులు తీసుకుంది. విడాకులన్న మాట పైకి అనడానికే ఆడవాళ్ళు సంకోచించే రోజులవి.

పిల్లలంతా పెద్దవాళ్ళయ్యాక ఒకరోజు ఆవిడ చేతికి పాత నేషనల్ జియోగ్రఫిక్ పత్రిక దొరికింది. 1949 నాటిది. అందులో ఈ కాలిబాట గురించి రాశారు. గుర్తులు చక్కగా ఉంటాయి, దారి పొడుగునా తలదాచుకునే పాకలుంటాయి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళెవరైనా నడవచ్చు అన్న ధోరణిలో. అది చదివి బామ్మగారు 1954 వేసవిలో ఒక్కర్తీ బయల్దేరింది. అప్పటికి ఆవిడకి అరవై ఆరు.

ఏమైందనుకున్నారు? ఉత్తర కొసన మెయిన్ రాష్ట్రంలో మొదలుపెట్టి, కొద్ది రోజుల్లోనే దారి తప్పింది. కళ్ళజోడు విరిగింది. తెచ్చుకున్న తిండి అయిపోయింది. చివరికి అడవి సిబ్బందిని కలుసుకుంటే, వాళ్ళు "ఇంటికి వెళ్ళిపోమ్మా" అని సలహా ఇచ్చారు. వెళ్ళిపోయింది.

కథ ఇక్కడ ఆగిపోతే మనం ఏమనేవాళ్ళం? "అనుభవం లేకుండా ఎందుకు వెళ్ళాలి, ఆ వయసులో!" అనేవాళ్ళం. నేనే అందును.

కానీ ఆ శీతాకాలమంతా ఆవిడ ఊరికే కూర్చోలేదు. ఇంటి దగ్గర వీధుల్లో నడవడం మొదలుపెట్టి, మెల్లమెల్లగా పెంచుకుంటూ రోజుకు పది మైళ్ళ దాకా వచ్చింది. 1955 మే 3న ఈసారి దక్షిణ కొసన, జార్జియాలోని ఓగిల్‌థార్ప్ కొండ మీద మొదలుపెట్టింది. తనని ఓడించిన మెయిన్ అడవులు ఆఖర్న వచ్చేలా దిక్కు మార్చిందన్నమాట. పిల్లలకు చెప్పింది ఒక్కటే మాట: అలా నడిచొస్తాను అని. నడక రెండు వేల యాభై మైళ్ళని మాత్రం చెప్పలేదు! అంటే మన హైదరాబాదు నుంచి ఢిల్లీకి వెళ్ళి, మళ్ళీ తిరిగి రావడమంత, ఇంచుమించు.

ఇక ఆవిడ సామాను చూడండి. తనే కుట్టుకున్న ఒక గుడ్డ సంచి, భుజాన వేసుకునేది. ఒక కంబళి, ఒక వానకోటు, స్నానాలగదికి కట్టే ప్లాస్టిక్ తెర ఒకటి. కాళ్ళకి మామూలు కాన్వాసు బూట్లు. తినడానికి ఎండు ద్రాక్ష, వేరుశనగ పప్పు, డబ్బా మాంసం. డేరా లేదు, పడుకునే సంచి లేదు, మ్యాపు లేదు. చలేస్తే రాళ్ళు వేడిచేసి వాటి మీద పడుకునేది. దారిలో తినదగిన ఆకులు, పళ్ళు చూసి కోసుకునేది. పొద్దుగూకితే ఏదో ఒక ఇంటి తలుపు తట్టేది. కొందరు అన్నం పెట్టి పడుకోమన్నారు, కొందరు తలుపేసుకున్నారు. ఆ ఆగస్టులో రెండు తుఫాన్లు వరసగా వచ్చి ఏర్లన్నీ పొంగాయి. వెర్మాంట్‌లో ఒక ఏరు దాటడానికి ఇద్దరు యువకులతో కలిపి తాడు కట్టుకుని నీళ్ళలోకి దిగింది.

సెప్టెంబరు 25న మెయిన్‌లో కటాడిన్ శిఖరం ఎక్కింది. నూట నలభై ఆరు రోజులు. రోజుకు సగటున పధ్నాలుగు మైళ్ళు. ఆరేడు జతల బూట్లు అరిగిపోయాయి. ఆ బాటను ఒక్క విడతలో ఒంటరిగా నడిచిన మొదటి స్త్రీ ఆవిడే. పేపర్లవాళ్ళు వెంటపడితే, పత్రిక రాసినంత సులువేం కాదని, చెట్లు పడి, తుప్పలు మొలిచి దారి చాలాచోట్ల అధ్వాన్నంగా ఉందని మొహమాటం లేకుండా చెప్పింది. తరవాత 1957లో మళ్ళీ నడిచింది. 1959లో ఒరెగాన్ ట్రెయిల్ అనే పాత వలసదారి వెంట ఇంకో రెండు వేల మైళ్ళు నడిచింది. 1964కి అపలాచియన్ బాట మూడోసారి కూడా పూర్తి చేసింది. 1973లో, ఎనభై అయిదో ఏట పోయింది.

ఇప్పుడు మా ఫారం ఆవిడ చేతికిచ్చామనుకోండి. 1955 మే 2న ఆవిడ ఏ గడిలో టిక్కు పెట్టాలి? కొండలెక్కే సంఘంలో సభ్యత్వం లేదు, శిక్షణ లేదు. నిజాయితీగా అయితే 'లేదు' అనే పెట్టాలి. కానీ పొలంలో ఎండా వానా ఓర్చుకున్న ఒళ్ళు, ఉన్నదాంతో సర్దుకునే గృహిణి తెలివి, ఏ ఆకు తినొచ్చో తెలిసిన కన్ను, చీకట్లో అడవిలో ఒంటరిగా కూర్చున్నా చెదరని మనసు, ఇవన్నీ అనుభవం కాదా? ఫారం రాసేవాళ్ళకి అవి కనిపించవు, అంతే.

అలాగని, ఇల్లు నడిపినవాళ్ళం కనక అడవిని నడిచేస్తాం అని విర్రవీగడం కూడా తప్పే. 1954లో ఎమ్మాకి ఆ గుణాలన్నీ ఉన్నాయి. అయినా దారి తప్పింది. అంతకుముందు లేనిదీ, 1955లో ఉన్నదీ ఒక్కటే: ఒక ఓటమి. ఎక్కడ పొరపాటు చేసిందో ఆవిడకి తెలుసు. నన్నడిగితే ఆవిడ అసలు అనుభవం ఆ కొద్ది రోజులే.

ఇంత దూరం ఎందుకు, మా అమ్మమ్మ సంగతి చెప్తాను. శ్రీశైలానికి బస్సులు లేని రోజుల్లో ఆవిడ నడిచి వెళ్ళింది. ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను, కైలాసద్వారం, అలా నల్లమల లోపల్నుంచి. నెత్తిన అటుకుల మూట, చంకలో పిల్ల. ముందొక చెంచు, వెనకొక చెంచు. "భయం వెయ్యలేదా అమ్మమ్మా?" అంటే, "మల్లన్న ఉన్నాడు, చెంచులున్నారు, భయమెందుకే?" అనేది. తనకి అడవిలో నడిచిన అనుభవం ఉందని ఆవిడ ఏనాడూ అనుకోలేదు. "శ్రీశైలం వెళ్ళొచ్చాం" అనుకుంది. ఇక ఆ చెంచులో! తేనెకీ గడ్డలకీ రోజూ ఆ అడవిలోనే తిరిగే చెంచు ఇల్లాలిని 'నడిచిన అనుభవం ఎంత' అని అడిగితే నవ్వుతుంది. మనల్ని ఇంట్లో నడిచిన అనుభవం ఎంత అని అడిగినట్టే కదూ!

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, మరుసటేడు తిరిగొచ్చి, ఆ యాత్ర అంతా రాసిపెట్టారు కనక మనకి తెలిసింది. ఆయన పల్లకీ మోసిన బోయీలూ అంత దూరమూ నడిచారు, అదీ బరువుతో. వాళ్ళు రాయలేదు. రాసిన నడక చరిత్రయింది, రాయని నడక కూలి అయింది.

ఇంతకీ ఆ సాయంత్రం నేను "ఉండరా" అని ఎందుకన్నానో అప్పుడు తట్టింది. నాలుగేళ్ళ కిందట ఎగువ అహోబిలంలో ఉగ్రస్తంభం చూద్దామని బయల్దేరి, సగం దారిలో తిరిగొచ్చేశాను. వాన పడి రాళ్ళు జారుతున్నాయి. ఒకచోట కాలు పట్టు తప్పింది. కింద లోయ చూసేసరికి ఒళ్ళంతా వణికింది. తోటివాళ్ళు పైకి వెళ్ళారు, నేను ఓ బండ మీద కూర్చుని ఏడ్చాను. ఇంటికొచ్చి మాత్రం "దర్శనం బాగా అయింది" అన్నాను. మావారికి ఇవాళ్టిదాకా అంతే తెలుసు. ఇది చదివాక తెలుస్తుంది.

మర్నాడు పొద్దున్న అబ్బాయిని పిలిచి, 'కొంచెం' అని పెట్టమన్నాను. కింద ఇంకేమైనా చెప్పాలనుకుంటే రాయమని ఖాళీ ఉంది. అందులో, "ఒకసారి తడి రాళ్ళ మీద భయపడి సగంలో తిరిగొచ్చాను" అని రాయించాను. వాడు నా మొహం కేసి చూశాడు. "ఇది రాస్తే తీసుకోరేమోనమ్మా!" అన్నాడు. "తీసుకోకపోతే మానె. దాచిపెట్టి వెళ్తే మాత్రం కొండ ఊరుకోదు" అన్నాను.

రెండు రోజుల తరవాత వాళ్ళే ఫోను చేశారు. ఎవరో అమ్మాయి. అప్పుడు ఎలాంటి చెప్పులేసుకున్నారు, ఎంత ఎత్తు చూస్తే కళ్ళు తిరుగుతాయి, ఊతకర్ర వాడారా అని అరగంట అడిగింది. "మీరు ఈ ముక్క రాయడం మంచిదైందండీ, మిగతావాళ్ళ ఫారాల్లో మాకేం తెలీదు" అంది. రోజూ గంట నడవమనీ, మెట్లు ఎక్కిదిగమనీ చెప్పి పెట్టేసింది.

ఇప్పుడు రోజూ తెల్లవారుఝామున లేచి కాన్వాసు బూట్లు వేసుకుంటున్నాను. నిన్న మావారు దుప్పట్లోంచి మొహం బయటపెట్టి, "ఇంత పొద్దున్నే ఎక్కడికి?" అన్నారు.

"అలా నడిచొస్తాను" అన్నాను.