మొదటి భాగం ఎక్కడ చూశారు? – తెలుగు భయానక చిత్రాల కొనసాగింపులు, కడప జిల్లా పట్టణాల ప్రేక్షకత్వం

ఉపోద్ఘాతం

తెలుగు సినిమా చరిత్ర రచనలో విడుదల తేదీకి, ఆడిన రోజులకు, శతదినోత్సవ కేంద్రాల పట్టికకు దక్కిన స్థానం ప్రేక్షకుడు ఇంట్లో కూర్చుని చూసిన సినిమాకు దక్కలేదు. ఒంటరి కథలున్న చిత్రాల విషయంలో ఈ లోపం అంతగా బయటపడదు. కొనసాగింపు చిత్రం దగ్గర మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. రెండవ భాగానికి వచ్చే ప్రేక్షకుడికి మొదటి భాగం తెలిసి ఉండాలి. ఆ తెలివిడి అతనికి ఎక్కడ కలిగింది, హాలులోనా, ఇంట్లోనా అన్న ప్రశ్న వేయకుండా రెండవ భాగపు జయాపజయాలను వివరించడం సాధ్యం కాదు. భయానక చిత్రానికి ఇది మరింతగా వర్తిస్తుంది. చచ్చినదనుకున్నది తిరిగి రావడమే ఇక్కడ కథ. మొదటిసారి అది ఎలా చచ్చిందో తెలియనివారికి తిరిగి రావడంలో భయమేమీ ఉండదు.

‘కాష్మోరా’ (1986), ‘నాగవల్లి’ (2010), ‘మా ఊరి పొలిమేర-2’ (2023) అనే మూడు చిత్రాలను ఆధారం చేసుకుని, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి పట్టణాల వైపు నుంచి ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సీడెడ్ అనే పేరు

సినిమా వ్యాపారంలో ఈ మూడు పట్టణాలూ ‘సీడెడ్’ ప్రాంతంలోనివి. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన జిల్లాలకు వచ్చిన ఆ పేరు పాలనలో ఎప్పుడో మాసిపోయింది. ‘రాయలసీమ’ అనే పేరు దాని స్థానంలో నిలిచింది. అయినా పంపిణీదారుల లెక్కల పుస్తకాలలో ‘సీడెడ్’ నేటికీ చెరగలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ప్రొద్దుటూరు లక్షన్నర పైబడిన పట్టణం, బంగారం, బట్టల వ్యాపారానికి కేంద్రం. జమ్మలమడుగు, పులివెందుల విడివిడిగా దాని సగానికి కూడా రావు. పంపిణీ లెక్కల్లో మూడూ ఒకే ‘ఏరియా’ కావడం వల్ల ఈ తేడా చరిత్రకారుడి కంటికి ఆనదు.

ఈ ప్రాంతానికి సినిమాతో ఉన్న సంబంధం చూసేవారిదిగా మాత్రమే మిగలలేదు. బి.ఎన్. రెడ్డి పులివెందుల తాలూకా కొత్తపల్లెలో జన్మించారు. హాస్యనటుడు పద్మనాభం అదే తాలూకాలోని సింహాద్రిపురం వారు. బి.ఎన్. రెడ్డి సోదరుడు బి. నాగిరెడ్డి చక్రపాణితో కలిసి 1947లో ప్రారంభించిన ‘చందమామ’ దశాబ్దాల పాటు భేతాళ కథలు ప్రచురించింది. విక్రమార్కుడి మౌనం వీడగానే శవం తిరిగి చెట్టెక్కే ఆ కథా చట్రం, నెల నెలా ఇంటికి వచ్చిన కొనసాగింపు భయమే. అది పిల్లలను పెద్దగా భయపెట్టలేదన్నది వేరే సంగతి.

వారపత్రిక ముందు, తెర తరవాత

యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వారపత్రికలో ధారావాహికగా వచ్చి 1980ల ఆరంభంలో సంచలనమైంది. దాని కొనసాగింపు ‘తులసి’. ఆశ్చర్యమేమంటే, తెలుగు తెర మీదకు ముందు వచ్చింది రెండవ నవల. ‘తులసి’ ఆధారంగా ‘కాష్మోరా’ 1986లో విడుదల కాగా, ‘తులసిదళం’ తెలుగు చిత్రంగా 1989లో వచ్చింది. ఈ తలకిందుల క్రమాన్ని నిర్మాతల తొందరపాటుగా కొట్టిపారేయడం సులభం. కాని మొదటి భాగం పాఠకుల ఇళ్లలో అప్పటికే ‘విడుదలై’ ఉన్నదని గుర్తిస్తే అది సహజంగానే తోస్తుంది. అద్దె పుస్తకాల దుకాణం, బస్టాండు బంకులో వేలాడే వారపత్రిక, చేతులు మారి అట్ట ఊడిన నవల అనేవి నాటి చిన్న పట్టణాలలో మొదటి ఆట వేసిన హాళ్లు. చదవడం రానివారికి చదివినవారు కథ చెప్పారు.

అదే దశాబ్దంలో వీడియో వచ్చింది. 1982 ఆసియా క్రీడల నాటి రంగుల టెలివిజన్ వెంట వి.సి.ఆర్. కూడా మధ్యతరగతి ఇళ్లలోకి, వీడియో పార్లర్లలోకి చేరింది. వీడియో చౌర్యాన్ని దృష్టిలో ఉంచుకుని 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు.

దెయ్యం మాట్లాడే భాష

‘నాగవల్లి’ పూర్వరంగం దీర్ఘమైనది. మలయాళ ‘మణిచిత్రత్తాళు’ (1993), కన్నడ ‘ఆప్తమిత్ర’ (2004), తమిళ ‘చంద్రముఖి’ (2005), దాని తెలుగు అనువాదం ఒకే కథకు నాలుగు రూపాలు. ఇందులో పరిశోధకులు ఇంకా తగినంతగా పట్టించుకోని అంశం దెయ్యం భాష. మలయాళ చిత్రంలో నర్తకి తమిళం మాట్లాడుతుంది. కన్నడ, తమిళ చిత్రాలలో ఆమె తెలుగు మనిషి. తమిళ ప్రేక్షకుడికి భయం కలిగించినది తెలుగు పాట. ఆ చిత్రం తెలుగులోకి వచ్చేసరికి సమస్య ఎదురైంది. తెలుగువారికి తెలుగు దెయ్యం పరాయిది కాదు. అందుకే అనువాదంలో ఆ పాటను తమిళంలో పెట్టారు. పొరుగు భాష తెలిసీ తెలియకుండా వినిపించినప్పుడు పుట్టే జంకు ఈ కథకు ప్రాణమన్న సంగతి అనువాదకులకు బాగా తెలుసు. విమర్శకులకే ఆలస్యంగా తెలిసింది.

కన్నడ ‘ఆప్తరక్షక’ (2010) ఆధారంగా పి. వాసు దర్శకత్వంలో, వెంకటేశ్, అనుష్కలతో తెలుగులో నేరుగా తీసిన ‘నాగవల్లి’ 2010 డిసెంబరు 16న విడుదలైంది. ‘నాగవల్లి’ అన్నది మలయాళ, కన్నడ చిత్రాలలోని నర్తకి పేరు. తెలుగు ప్రేక్షకుడు ఐదేళ్లుగా ఆమెను ‘చంద్రముఖి’గానే ఎరుగును. ఈ ఎరుకలో ఎక్కువ భాగం తొలి విడుదల ఆటల నుంచి వచ్చినది కాదు, టెలివిజన్ పునఃప్రసారాలు, వి.సి.డి.లు ఇచ్చినది. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ వి.సి.డి.ని 28 రూపాయలకు, డి.వి.డి.ని 34 రూపాయలకు అమ్మకానికి పెట్టడంతో అసలు ప్రతి ధర దొంగ ప్రతి ధరకు దగ్గరయింది. అద్దెకు తెచ్చుకునే వస్తువు సొంత వస్తువైంది. ఇంట్లో పదిసార్లు చూసిన దెయ్యాన్ని పదకొండవసారి హాలులో చూపి భయపెట్టడం కష్టం. ‘నాగవల్లి’కి ‘చంద్రముఖి’ స్థాయి విజయం రాలేదు. దానికి కథనాన్నే కారణంగా చెప్పడం వాడుక. ప్రేక్షకుడి చనువును కూడా ఒక కారణంగా లెక్కించాలి.

మూసిన హాళ్ల కాలం

‘మా ఊరి పొలిమేర’ 2021 చివరలో హాలుకు రాకుండా నేరుగా డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో విడుదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో అది హాళ్లకు గడ్డుకాలం. 2021 ఏప్రిల్‌లో జారీ అయిన 35వ నంబరు జీవో పట్టణ స్థాయిని బట్టి టికెట్ ధరలను కుదించింది. గ్రామ పంచాయతీలలో కనిష్ఠ ధర 5 రూపాయలు. ఆ డిసెంబరులో అనేక హాళ్లు మూతపడ్డాయి. 2022 మార్చిలో వచ్చిన 13వ నంబరు జీవోతో గాని పరిస్థితి కుదుటపడలేదు. నాటి ముఖ్యమంత్రి నియోజకవర్గం పులివెందులే కావడం వల్ల ఆ వివాదపు వార్తలలో ఆ పట్టణం పేరు తరచు వినిపించింది.

ఈ నేపథ్యంలో చేతబడి ఇతివృత్తంగా డా. అనిల్ విశ్వనాథ్ తీసిన పల్లె కథ ఫోన్లలో చుట్టివచ్చింది. ‘పొలిమేర’ అన్న మాటకు సీమ పల్లెలలో ఉన్న బరువు తెలిసినవారికి ఆ పేరే సగం కథ. శవం దాటే గీత, జాతరలో బలి చల్లే గీత అదే. సత్యం రాజేశ్, కామాక్షి భాస్కర్ల నటించిన రెండవ భాగం 2023 నవంబరు 3న హాళ్లలో విడుదలైంది. ఫోనులో ఒంటరిగా చూసినవారు హాలుకు గుంపుగా వచ్చారు. ఐదు వారాలకు, డిసెంబరు 8న, అది ఆహా వేదిక ద్వారా మళ్లీ ఇంటికే చేరింది. 1986లో నవల చేసిన పనిని 2021లో ఫోను చేసింది.

ఈ చరిత్రకు ఆధారాలు నానాటికీ తరిగిపోతున్నాయి. హాలు యజమానులు పంపిణీదారుకు పంపే రోజువారీ వసూళ్ల కాగితాలు, అంటే డి.సి.ఆర్.లు, ఏ గ్రంథాలయానికీ చేరలేదు. వీడియో దుకాణాల అద్దె చిట్టాలు దుకాణాలతోనే పోయాయి. మిగిలిన ప్రభుత్వ ఆధారం 1939 నాటి వినోదపు పన్ను చట్టం కింది దస్త్రాలు. అక్కడా చిక్కు ఉంది. శ్లాబు పద్ధతిలో పన్ను కట్టిన హాలు తన పూర్తి సామర్థ్యపు వసూలును బట్టి కట్టింది గాని వచ్చిన జనాన్ని బట్టి కాదు. కనుక జమ్మలమడుగులో ‘కాష్మోరా’ను ఎందరు చూశారో ఆ దస్త్రం చెప్పదు. 2017 జూలై 1న జి.ఎస్.టి. రావడంతో ఆ పాటి దస్త్రం కూడా ఆగిపోయింది.