ఇంగ్లీషు పద్యం – మన తాలూకా బడులు

ఈ ప్రత్యేక సంచికలో దోమకొండ కోట గురించి, నిజాంసాగర్ గురించి రాసేవారు ఎలాగూ ఉంటారు. ఎవరూ చరిత్రగా లెక్కపెట్టని ఒక సంగతిని నేను ఎత్తుకుంటున్నాను. కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటి తాలూకా కేంద్రాల హైస్కూళ్ళలో ఇంగ్లీషు పద్యమో కథో చదివి, దాని మీద పిల్లలు జవాబు రాసే పద్ధతి ఎట్లా వచ్చింది, ఎట్లా మారింది అన్నదే ఆ సంగతి. మనలో చాలామందిమి ఆ జవాబు రాసి గట్టెక్కబట్టే సర్కారు నౌకరీలో చేరాము. ఇంగ్లీషులో తప్పినవారు మళ్ళీ ఊరి దారి పట్టారు. కనుక దానికీ ఒక చరిత్ర ఉండవలసిందే.

ఇంగ్లీషు సాహిత్యం ఇంగ్లండులోనే ముందుగా పరీక్ష సబ్జెక్టయి, తరువాత మన దేశానికి వచ్చిందని సాధారణంగా అనుకుంటాము. సంగతి దాదాపు తలకిందులు. ఆక్స్‌ఫర్డులో ఇంగ్లీషుకు ప్రత్యేక విభాగం ఏర్పడింది 1894లో. కేంబ్రిడ్జిలో అది ప్రత్యేక పరీక్ష అయింది 1917లో. అంతకు ఎన్నో దశాబ్దాల ముందే, 1835లో మెకాలే తన నివేదిక రాసిన కాలానికే, కలకత్తా విద్యార్థులు షేక్‌స్పియర్, మిల్టన్ల మీద పరీక్షలు రాస్తున్నారు. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ ఇంగ్లీషు చదివినవారికి ప్రభుత్వోద్యోగాలలో ప్రాధాన్యం ఇస్తామని ఉత్తర్వు చేశాడు. పద్యానికి, జీతానికి ముడి పడింది అక్కడే. గౌరీ విశ్వనాథన్ అనే పరిశోధకురాలు 1989లో వెలువరించిన గ్రంథంలో ఈ విషయమంతా విపులంగా రాశారు.

అయితే ఇదంతా కంపెనీ ఇలాకా సంగతి. మనది నిజాం ఇలాకా. ఇక్కడ 1887లో స్థాపించిన నిజాం కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఇంగ్లీషులో నడిచింది. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయం మాత్రం ఉర్దూను బోధనాభాషగా చేసుకుని, ఇంగ్లీషును తప్పనిసరి సబ్జెక్టుగా ఉంచింది. కింది బడులన్నీ ఆ వరుసలోనే నడిచాయి. దాని ఫలితం ఏమిటంటే, మా నాయన తరం పిల్లవాడు ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు, బడిలో లెక్కలు, చరిత్ర ఉర్దూలో చదివేవాడు, ఇంగ్లీషు పాఠానికి అర్థం ఉర్దూలోనే వినేవాడు. ఇమ్లా అంటే చెప్పింది రాయడం, తర్జుమా అంటే అనువాదం, ఖులాసా అంటే సారాంశం. ఇంగ్లీషు పద్యానికి ఉర్దూలో ఖులాసా విని, తెలుగులో మనసుకు పట్టించుకుని, తిరిగి ఇంగ్లీషులో కాగితం మీద పెట్టాలి. మా నాయనకు ముసలితనంలోనూ ఇంగ్లీషు మాట నోటికి వస్తే దాని వెంట ఉర్దూ అర్థం వచ్చేది, తెలుగు అర్థం ఆ తరువాత వచ్చేది. ఇంత కసరత్తులో నీ అభిప్రాయమేమిటని అడిగే తీరిక ఏ సారుకు ఉంటుంది?

1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత ఉర్దూ మాధ్యమం తగ్గి తెలుగు మాధ్యమం వచ్చింది. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1958లో హైదరాబాదులోనే కేంద్ర ఇంగ్లీషు సంస్థను నెలకొల్పారు. అదే నేటి ఇఫ్లూ. ఆ కాలంలో వాక్యాల అచ్చులు పదేపదే పలికించి భాష నేర్పే పద్ధతికి ప్రచారం ఎక్కువ. పట్నంలో ఏ పద్ధతి వచ్చినా తాలూకా బడికి చేరేసరికి పాత పద్ధతే మిగిలేదనుకోండి.

1960లలో నేను కామారెడ్డిలో చదివాను. మా ఇంగ్లీషు రెండు భాగాలు. డిటెయిల్డ్ అంటే మాటమాటకూ అర్థం చెప్పి నడిపే పాఠాలు, పద్యాలు. నాన్-డిటెయిల్డ్ అంటే కథల పుస్తకం. పద్యం మీద అనొటేషన్ వచ్చేది. రెండు పంక్తులు ఇచ్చి సందర్భం రాయమంటారు. దానికి ఒక మూస ఉండేది: ఈ పంక్తులు ఫలానా కవి రాసిన ఫలానా పద్యంలోనివి, ఫలానా సందర్భంలో కవి ఈ మాట అంటున్నాడు, ఇందులో కవి భావన మిక్కిలి సుందరంగా ఉన్నది. ఏ పద్యానికైనా ఆ చివరి వాక్యం ఒకటే. యుద్ధంలో చచ్చినవారి మీద పద్యమైనా సుందరమే, పూల మీద పద్యమైనా సుందరమే!

పూలంటే గుర్తొచ్చింది. వర్డ్స్‌వర్త్ డాఫొడిల్స్ పద్యం 1807లో అచ్చయింది. మన దేశంలో లక్షలాది పిల్లలు దాని సారాంశం రాశారు, పువ్వును చూసినవారు ఎందరో మీరే ఊహించుకోండి. మా సారు కూడా చూడలేదు. ఆ మాట ఆయనే చెప్పారు. చెప్పి, పసుపు పచ్చటి పూలు కనుచూపుమేర ఒకేచోట గాలికి ఊగుతుంటే ఎట్లుంటదో బతుకమ్మ నెలలో చెలకల వెంబడి పోయినోళ్ళకు ఎరికేనన్నారు. మరుసటి వారం ప్రతి ఒక్కరం తంగేడు మీద గాని గునుగు మీద గాని ఇంగ్లీషులో ఆరు వాక్యాలు రాసుకొచ్చాము. వ్యాకరణం సగం తప్పు. కానీ ఆ ఆరు వాక్యాలు గైడులో ఎక్కడా దొరకవు. పూలు కోసేటప్పుడు చేతులకు అంటిన పసరు గురించి ఒకడు రాశాడు, ఆ మాటకు ఇంగ్లీషు దొరకక తెలుగు మాటే పెట్టాడు. సారు దాని కింద గీత గీసి, కొట్టివేయకుండా వదిలారు.

గైడుల సంగతి వేరు. వార్షిక పరీక్షలకు ముందు అవి హైదరాబాదు నుంచి రైలు మీద కామారెడ్డికి దిగేవి. రైలు లేని ఎల్లారెడ్డికి కొన్నాళ్ళు ఆలస్యంగా బస్సు మీద చేరేవి. ఆ నాలుగు రోజులే ఎల్లారెడ్డి పిల్లలు సొంతంగా రాసేవారని ఒక సారు నవ్వుతూ అనేవారు. నిజాంసాగర్ ఆనకట్ట మన గడపలో ఉన్నా, విహారయాత్ర మీద వ్యాసమంటే ఎన్నడూ చూడని తాజ్‌మహల్ గురించి రాసేవారు. గైడులో ఉన్నది అదే మరి. నా మటుకు నాకు గైడు మీద కోపం లేదు. ఇంట్లో చెప్పేవారు లేని పిల్లవానికి అదే మేనమామ. కాకపోతే ఆ మేనమామ ఇల్లు దాటి బయటికి పోనివ్వడు.

పిల్లలను సొంతంగా రాయమంటే ఏమవుతుందో సీమలోనూ ఒకాయన పరీక్షించాడు. కేంబ్రిడ్జిలో ఐ.ఎ. రిచర్డ్స్ కవుల పేర్లు తీసివేసి ఉత్త పద్యాలను విద్యార్థులకు పంచి, తోచింది రాయమన్నాడు. ఆ కాగితాలను పరిశీలించి 1929లో పుస్తకం వేశాడు. పేరు తెలియకపోయేసరికి అంత చదువుకున్నవారు కూడా పెద్ద కవులను తీసిపారేశారు, చిన్న కవులను మెచ్చుకున్నారు. తొమ్మిదేళ్ళకు, 1938లో, అమెరికాలో లూయీ రోజెన్‌బ్లాట్ ఇంకో అడుగు వేసి, పాఠం అర్థం పుస్తకంలో ఒక్కదానిలోనే లేదు, చదివేవాని బతుకుతో కలిసినప్పుడు పుడుతుందని వాదించింది. నేనీ పేర్లు రిటైరయ్యాక తెలుసుకున్నాను. కాని ఆమె చెప్పిన సంగతిని అంతకు చాలా ముందే ఎల్లారెడ్డిలో కళ్ళారా చూశాను.

మండలాలు రాకముందు, అంటే 1985కు ముందు, నేను ఎల్లారెడ్డిలో గుమాస్తాగా ఉన్నాను. పక్క వాటాలో ఒక ఇంగ్లీషు సారు కాపురముండేవారు. ఆయన బయటినుంచి తెచ్చి పిల్లలకు చదివించిన కథ టాల్‌స్టాయ్ 1886లో రాసిన మనిషికి ఎంత భూమి కావాలి అన్నది. పాహోమ్ అనే రైతు పొద్దుగుంకేలోగా ఎంత చుట్టివస్తే అంత భూమి అతనిదే. ఆశకొద్దీ దూరం నడిచి, పరుగెత్తి వచ్చి, బయలుదేరిన చోటనే పడి ప్రాణం విడుస్తాడు. ప్రశ్న: పాహోమ్ ఎటువంటివాడు? జవాబు అందరికీ తెలిసిందే: అత్యాశాపరుడు.

ఒక పిల్లవాడు అట్లా రాయలేదు. పాహోమ్‌కు మొదట్లో భూమి ఆశ లేదు, అతని పశువులు పక్క దొరసాని భూమిలో పడ్డప్పుడల్లా ఆమె కార్యస్థుడు జరిమానా వేసేవాడు, ఆ బాధ పడలేక భూమి కావాలనుకున్నాడు అని రాశాడు. జరిమానా అనే చోట మన ఊరి బందెల దొడ్డి మాట ఉన్నది. సారు ఆ కాగితం నాకు చూపించారు. తాలూకా కచేరీలో భూమి కాగితాల మధ్య కూర్చునేవాణ్ణి, నాకు ఒళ్ళు జలదరించింది. కథ తెప్పించుకుని చదివాను. రెండో భాగంలోనే ఉన్నది, పిల్లవాడు కల్పించింది కాదు. మర్నాడు సారు దాన్ని తరగతిలో చదివితే ఒక అమ్మాయి లేచి అడ్డం తిరిగిందట. సొంత భూమి వచ్చాక పాహోమ్ కూడా ఇతరుల పశువులు తన పొలంలో పడితే కోర్టుకెక్కి జరిమానాలు వేయించలేదా అని అడిగింది. అదీ కథలో ఉన్నదే. గంట కొట్టినా వాదన ఆగలేదని సారు సంబరంగా చెప్పారు.

మరి పరీక్షలో ఏది రాయాలని పిల్లలు అడిగారు. పేపరు దిద్దేది ఎక్కడో కూర్చున్న మరొకరు, కట్టల కొద్దీ దిద్దాలి, చేతిలో ఉన్న సూచనలో అత్యాశ అనే మాట ఉంటుంది. కాబట్టి మొదటి వాక్యంలో అత్యాశాపరుడని రాసి, మార్కు దక్కించుకుని, ఆ తరువాత మీకు తోచింది రాయండని సారు చెప్పారు. ఇది పిరికితనమని కొందరు అనవచ్చు. బీద పిల్లల ఒక్కొక్క మార్కు విలువ తెలిసిన మనిషి మాట ఇది అని నేనంటాను. మన నోటింగులో కూడా మొదట రూలు, తరువాత మన అభిప్రాయం, అవునా? పై అధికారి మనసులో ఏముందో కనిపెట్టి అదే రాసే గుమాస్తాలనూ చూశాము, ధైర్యంగా ఒక వాక్యం చేర్చేవారినీ చూశాము.

తరువాతి మార్పులు త్వరగా చెబుతాను. 2014-15 నుంచి పదో తరగతిలో 80 మార్కులు పబ్లిక్ పరీక్షకు, 20 మార్కులు బడిలోనే వేసే అంతర్గత మూల్యాంకనానికి కేటాయించారు. అందులో పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు అని ఒక పద్దు వచ్చింది. భాషా సబ్జెక్టుల్లో కథల పుస్తకం చదివి తమ మాటల్లో రాయడం దాని కిందికే వస్తుంది. ఎల్లారెడ్డి సారు దొంగచాటుగా చేయించిన పనికి సర్కారు మార్కులు పెట్టిందన్నమాట! 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా అయింది. 2022-23 నుంచి సర్కారు బడులలో ఇంగ్లీషు మాధ్యమం మొదలుపెట్టి, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకాలిచ్చారు. మా నాయనకు అటువంటి పుస్తకం దొరికితే ఉర్దూ మెట్టు ఎక్కి దిగే పని తప్పేది. అయితే నేను చూసిన ప్రతిస్పందన నోటుబుక్కులలో చాలా వరకు ఒకే చేతిరాత నుంచి దిగినట్టున్నాయి. గైడు రైలెక్కి రానక్కరలేదు, సెల్‌ఫోనులో ఉన్నది.

సభ్యులకు ఒక మనవి. హెచ్.ఎస్.సి. కాలం నాటి ఇంగ్లీషు వాచకాలు, అనొటేషన్ నోట్సులు, ఉర్దూలో అర్థాలు రాసుకున్న పెద్దల పుస్తకాలు మీ అటకల మీద ఉంటే పాత కాగితాలవానికి వేయకండి. సంఘ కార్యాలయంలో నాకు అందజేస్తే నకలు తీసుకుని తిరిగి ఇస్తాను. ముఖ్యంగా ఎల్లారెడ్డి వైపు నుంచి ఇంతవరకు ఒక్కటీ రాలేదు.