దమనకునికి శిక్ష యేది?

బాలుర జంతుకథలలో మంచివాడు గెలువవలెననియు, చెడ్డవాడు శిక్షింపబడవలెననియు మనలో ననేకుల యభిప్రాయము. కాని మన గృహములలో తరతరములుగా చదువబడుచున్న కథ యొకటి యీ నియమమునకు లోబడదు. అది మిత్రభేదము.

కథ యెల్లరకు నెఱుకయే. బండి లాగుచు కాలు విఱిగి యడవిలో విడువబడిన సంజీవకమను వృషభము కోలుకొని ఱంకెవేసెను. ఆ ధ్వనికి మృగరాజగు పింగళకుడు వెఱచెను. దమనకుడను నక్క యా భయమును గనిపెట్టి యిరువురకును మైత్రి గూర్చెను. ఆ మైత్రివలన తన కాదరము తగ్గగా, ఒకరిపై నొకరికి చాడీలు చెప్పి దానిని భేదించెను. నిరపరాధియగు నెద్దు సింహముచేత చచ్చెను. దమనకునికి శిక్ష లేదు. పరితపించు రాజును వాడే యోదార్చెను.

ఈ ముగింపు పూర్వులలో గొందఱకు రుచింపలేదు. 8వ శతాబ్దమున ఇబ్నుల్ ముకఫ్ఫా పహ్లవీభాషనుండి యీ కథలను అరబ్బీలోనికి దెచ్చెను. ఆ గ్రంథమున సంస్కృతమున లేని ప్రకరణ మొకటి కలదు. అందు నక్కను విచారించి, సాక్ష్యము గైకొని, మరణదండన విధింతురు.

మన పరవస్తు చిన్నయసూరి యట్లు చేయలేదు. మద్రాసున తెలుగు పండితుడై యుండి 1853లో ఆయన ప్రకటించిన నీతిచంద్రికలో, హితోపదేశమునందువలె, మిత్రలాభమును ముందుంచి మిత్రభేదమును పిదప నుంచెను. స్నేహమువలని మేలు నెఱిగిన బాలుడే దాని చేటును జూచును. శిక్షను మాత్ర మాయన కల్పింపలేదు.

ఇది లోపమా? కాదని నా తలంపు. నక్కకు మరణదండన విధించినంతనే తప్పంతయు దానిదే యగును. చదువరి మనస్సు కుదుటబడును. శిక్ష లేనిచోట తక్కినవారి తప్పులును గానవచ్చును. విచారణలేక చాడీని నమ్మిన రాజు దోషి కాడా? కుట్ర నెఱిగి దమనకుని మందలించియు, రాజుతో చెప్పని కరటకుని మాట యేమి?

ఈ ప్రశ్న మన యింటి ముంగిటనే యున్నది. పుంగనూరు పొట్టియావు నింటిబిడ్డగా జూచు బాలుడు సంజీవకమునకై కన్నీరు విడుచును. కుప్పము బాలుని యనుభవము వేఱు. 1980వ దశకమున తమిళనాడు, కర్ణాటక యడవులనుండి యేనుగులు వచ్చి యా ప్రాంతమున నిలిచినవి. 1990లో కౌండిన్య యభయారణ్య మేర్పడెను. రైతు పైరు పోవుట నిజము. ఏనుగు నాకలియు నిజము. ఇందు దుర్మార్గు డెవడని యడిగిన బిడ్డకు మన మే సమాధానము చెప్పుదుము? 1915నుండి కళాశాల గల మదనపల్లెలోని చదువుకొన్న తలిదండ్రులకును ఇది సులభము కాదు.

కావున తల్లులారా, తండ్రులారా! కథ ముగియగానే నీతిని మీరే చెప్పివేయకుడు. నక్క, రాజు, కరటకుడు — వీరిలో నెవరెవరి తప్పెంత యని బిడ్డ నడుగుడు. నేడు చాడీని తూచి చూడ నేర్చినవాడు రేపు పింగళకుడు గాకుండును. లోకమున దమనకులు శిక్ష తప్పించుకొనవచ్చును. వారి మాటను నమ్మకుండుట మాత్రము మన చేతిలోనే యున్నది.